అలిసిపోయిన బ్యాండ్ ఇంత సంతోషమైన ఆల్బమ్ ఎలా చేసింది? (మెర్సీమీ, 2014)

ప్లేనో_పిల్లోడు · శనివారం రాత్రి 9:12

అందరికీ వందనాలు. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదవడమే గానీ థ్రెడ్ పెట్టడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. మాది నరసరావుపేట దగ్గర పల్లె, ఇప్పుడు డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. ఇక్కణ్ణుంచి గంట లోపు కార్లో వెళ్తే గ్రీన్‌విల్ అని ఊరొస్తుంది, మెర్సీమీ అనే క్రిస్టియన్ బ్యాండ్‌లో పాడే బార్ట్ మిలార్డ్ పుట్టి పెరిగింది అక్కడే. పోయిన వారం ఆ వైపు పనుండి వెళ్ళాం. రేడియోలో వాళ్ళ 'షేక్' పాట వచ్చింది, వెనక సీట్లో మా ఆరేళ్ళది బెల్టులో ఉండే ఊగిపోతోంది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ పక్కనే కూర్చునుంది, "ఏ సినిమాది రా ఇది" అంది. దేవుని పాటే అమ్మా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "దేవుని పాటకి ఇట్టా ఊగుతారా" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆ పాట ఉన్న ఆల్బమ్ మొత్తం మళ్ళీ విన్నా. 2014 ఏప్రిల్‌లో వచ్చింది, పేరు 'వెల్‌కమ్ టు ద న్యూ', 10 పాటలు. దీనికి ముందుది 2012లో వచ్చిన 'ద హర్ట్ అండ్ ద హీలర్', పేరులోనే గాయం ఉంది, వింటుంటే గుండె బరువెక్కుద్ది. రెండేళ్ళలో ఈ మనుషులకి ఏమైంది? అప్పటికే 20 ఏళ్ళ బ్యాండ్, ఆ వయసులో అందరూ పాత ఫార్ములాకే అతుక్కుపోతారు కదా, వీళ్ళు కొత్తగా పెళ్ళైనోళ్ళలాగా తయారయ్యారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_కీబోర్డ్ · శనివారం రాత్రి 10:05

అన్నా మంచి థ్రెడ్. నాకు తెల్సింది చెప్తా. బార్ట్ వాళ్ళ నాన్న చిన్నప్పుడు వీణ్ణి బాగా కొట్టేవాడు, తర్వాత మారాడు, కేన్సర్ వచ్చి 1991లో పోయాడు. ఆ బాధలోంచి వచ్చిందే 'ఐ కెన్ ఓన్లీ ఇమాజిన్' అనే పాట, 1999లో సొంతంగా వేసుకున్న ఆల్బమ్‌లో పెట్టారు, 2001లో కంపెనీ ద్వారా వచ్చాక ఇంక ఆగలేదు, 2018లో దాని మీద సినిమా కూడా వచ్చింది, అది అందరికీ తెల్సు. తెలియందేంటంటే ఆ పాట తర్వాత పదేళ్ళు మనోడు ఆగకుండా తిరిగాడు. టూరు, ఆల్బమ్, మళ్ళీ టూరు. ప్రతి ఊళ్ళో ఏడిపించే పాట పాడాలి, అందరూ ఏడుస్తారు, తర్వాత ఊరు. 2012 తర్వాత అసలు మానేద్దామా అనే దాకా వచ్చిందని బార్టే చాలా చోట్ల చెప్పుకున్నాడు. అప్పుడు పాత స్నేహితుడొకాయన కూర్చోబెట్టి కృప గురించి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడంట. అంటే నువ్వు ఎంత బాగా చేస్తే దేవుడు నిన్ను అంత ఇష్టపడతాడు అనే లెక్క తీసెయ్, ఆ లెక్క యేసు ఎప్పుడో కట్టేశాడు అని. చిన్నప్పట్నుంచీ చర్చిలో పెరిగిన మనిషికి, నాన్న మెప్పు కోసం చచ్చిపోయిన మనిషికి, అది ఎట్టా తగిలుంటుందో ఆలోచించు. ఈ ఆల్బమ్ మొత్తం ఆ ఒక్క మాటే, పది రకాలుగా.

ఊరికే_చదివేవాణ్ణి · శనివారం రాత్రి 10:31

నేను చర్చి మనిషిని కాదు, మెటల్ వినేవాణ్ణి, మ్యూజిక్ థ్రెడ్ అని వచ్చా. కోపం తెచ్చుకోకండి గానీ క్రిస్టియన్ రాక్ అంటే నాకు బ్యాండు మేళం ఉండి భోజనాలు లేని పెళ్ళిలా ఉంటుంది. అన్నీ ఉంటాయి, అసలుది ఉండదు. ఈ ఆల్బమ్ ఇప్పుడే సగం విన్నా. అసలిది రాకేనా?

డబుల్_పెడల్ · శనివారం రాత్రి 11:20

కాదు. నిజం చెప్పుకుందాం. నేను విజయవాడలో డ్రమ్స్ నేర్పిస్తా, మెర్సీమీ నాకు చిన్నప్పటి బ్యాండ్. రాక్ కావాలంటే వాళ్ళదే 2006ది 'కమింగ్ అప్ టు బ్రీత్' వినండి, అక్కడ గిటార్లు గట్టిగా ఉంటాయి. 2014దానికి ప్రొడ్యూసర్లని మార్చేశారు, డేవిడ్ గార్సియా, బెన్ గ్లోవర్ వచ్చారు, ఇద్దరూ పాప్ చేతులు. గిటార్ వెనక్కెళ్ళి చప్పట్లు ముందుకొచ్చాయి. మెటల్ బ్రదర్‌కి ఒక మాట, మీకు స్ట్రైపర్, స్కిల్లెట్ లాంటి గట్టి క్రిస్టియన్ బ్యాండ్లు తగిలితే భోజనాలు కూడా ఉంటాయి. 1969లో లారీ నార్మన్ అనే సింగర్ క్రిస్టియన్ రాక్‌తో సోలో ఆల్బమ్ వేసినప్పుడు చర్చిలు తలుపులేశాయి, 1972లో పెట్రా అనే బ్యాండ్ మొదలైనప్పుడూ అంతే, ఇది సైతాను సంగీతం అని. ఆ తిట్లన్నీ తినీ తినీ ఈ రాగం యాభై ఏళ్ళు బతికింది. అందుకే నాకు కొంచెం బాధ, చివరికి రేడియోకి తగ్గట్టు నున్నగా చేసేశారని.

కానీ 'షేక్' వస్తే కాలు ఆగదు, అదీ నిజమే 😄

మిక్స్_బాబు · ఆదివారం మధ్యాహ్నం 1:40

చర్చి నుంచి ఇప్పుడే వచ్చా. నేను హైదరాబాద్‌లో చిన్న స్టూడియోలో మిక్సింగ్ చేస్తా, సగం గిరాకీ మన తెలుగు క్రైస్తవ పాటలే, డిసెంబర్ ముందు నిద్ర ఉండదు. నా వైపు నుంచి ఒకటి చెప్పాలి. నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళూ "బాబు, పాట హుషారుగా రావాలి" అంటారు, అని టెంపో పెంచుతారు. టెంపో పెంచితే హుషారు రాదు, తొందర వస్తుంది. ఏడుపు ట్యూన్‌ని నిమిషానికి 130 దెబ్బల స్పీడులో వాయిస్తే పరిగెత్తే ఏడుపు అవుతుంది అంతే. ఈ ఆల్బమ్‌లో 'గ్రేటర్' అనే పాట విని చూడండి, అది పెద్ద స్పీడేం కాదు. దాంట్లో ఉన్నది ఖాళీ. ఒకడు పాడతాడు, తర్వాత గుంపు అందుకుంటుంది, ఆ గుంపు గొంతులు మరీ నీట్‌గా ట్యూన్ చేసినట్టు వినపడవు, పక్కింటివాళ్ళు కూడా వచ్చి పాడినట్టుంటాయి. వినేవాడికి దూరడానికి చోటు దొరుకుద్ది. మన పాటల్లో ఆ చోటు ఉండదు, సింగర్ ఆగంగానే ఫ్లూటు, ఫ్లూటు ఆగంగానే స్ట్రింగ్స్, దాని మీద సంగతులు, ఊపిరాడదు. నేనే చేస్తా అవన్నీ, డబ్బులిచ్చేవాళ్ళు అడుగుతారు కదా.

రాగమాలిక_61 · ఆదివారం సాయంత్రం 4:15

పిల్లలందరికీ వందనములు. నేను కాకినాడలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను, మనవడు ఈ సైటు చూపించాడు. మీరు చెప్పిన పాట వినిపించాడు కూడా. బాగోలేదు అనను. కానీ ప్లేనో బాబు వాళ్ళమ్మగారు అడిగిన ప్రశ్నని మీరెవరూ పట్టించుకోలేదు, ఆవిడేదో పాతకాలం మనిషి అన్నట్టు దాటేశారు. ఆవిడ అడిగింది న్యాయమే. 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌధరిగారు మనకి కీర్తనలు రాసిచ్చారు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఎందుకు? ఏ భావానికి ఏ రాగమో చూసుకుని పాడమని. మా నాన్నగారు హార్మోనియం మీద ఒక్కో కీర్తన ఎత్తుకుంటే ఎవరూ గెంతేవారు కాదు, కానీ గుడి బయటకొచ్చేసరికి మొహాలు కడిగినట్టుండేవి. సంతోషం లోపల ఉండేది. దాన్ని ఒళ్ళంతా ఊపి చూపించాల్సిన అవసరం మాకు రాలేదు.

డబుల్_పెడల్ · ఆదివారం సాయంత్రం 4:40

మాస్టారూ నమస్తే అండి. మీతో వాదించే వయసు నాది కాదు గానీ ఒక్కటి అడుగుతా. డిసెంబర్లో క్యారల్స్ రౌండ్స్‌కి వెళ్ళినప్పుడు అర్ధరాత్రి రెండింటికి డప్పు కొట్టి, కోలాటం వేసి, ఇళ్ళ ముందు గెంతింది కూడా మనమే కదండీ. జనవరి వచ్చేసరికి ఆ ఊపుని అటక మీద పెట్టేస్తాం, నక్షత్రంతో పాటు. పదకొండు నెలలు తలకాయలు దించుకుని పాడతాం. అది పద్ధతి అంటారా, అలవాటు అంటారా?

రాగమాలిక_61 · ఆదివారం సాయంత్రం 5:02

క్యారల్స్ మాట ఒప్పుకుంటాను. మా పేటలో డప్పు నేనే మోసేవాణ్ణి.

సండేస్కూల్_టీచరమ్మ · ఆదివారం రాత్రి 8:30

మాస్టారు గారికి వందనాలు. నాది రాజమండ్రి. ఈ వారం సండే స్కూల్లో తప్పిపోయిన కుమారుడి పాఠం చెప్పా, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్న కొడుక్కి తండ్రి విందు చేసిన కథ, అందరికీ ఆ తమ్ముడే గుర్తుంటాడు, పందులు, పొట్టు, కొవ్విన దూడ. నేను పెద్దోడి దగ్గర ఆగా. లూకా 15:25లో వాడు పొలం నుంచి ఇంటికొస్తూ "వాద్యములును నాట్యమును జరుగుట విని" అని ఉంటుంది. అంటే పాట ఇంట్లోంచి వీధిలోకి వినపడేంత గట్టిగా ఉంది, తండ్రే పెట్టించాడు, మరి. పెద్దోడు లోపలికి రాలేదు. వాడు చెడ్డోడు కాదు పాపం, ఇన్నేళ్ళు గొడ్డులా చాకిరీ చేశాడు, అదే లెక్క చెప్తాడు నాన్నకి. గుంటూరు బ్రదర్ చెప్పిన బార్ట్ కథ చదివితే నాకు వాడే గుర్తొచ్చాడు. అందరూ బార్ట్‌ని తప్పిపోయి తిరిగొచ్చినోడు అనుకుంటారు, కాదు, వాడు ఇంట్లోనే ఉండి అలిసిపోయిన పెద్దోడు. ఈ ఆల్బమ్ పెద్దోడు గుమ్మం దాటి లోపలికొచ్చాక పాడినట్టుంది నాకు. పిల్లలకి ఇలా చెప్పలేదులెండి, వాళ్ళకి దూడ బొమ్మ గీయించా.

ప్లేనో_పిల్లోడు · ఆదివారం రాత్రి 9:50

సిస్టర్, ఈ కోణం నాకు అస్సలు తట్టలేదు. మొదటి పాట పేరే 'గాట్టా లెట్ ఇట్ గో', వదిలెయ్యాలి అని. ఇన్నాళ్ళూ అది పాపం వదలమనే పాట అనుకున్నా, ఇప్పుడు వింటుంటే చాకిరీ లెక్క వదలమంటున్నట్టుంది.

ఊరికే_చదివేవాణ్ణి · ఆదివారం రాత్రి 10:22

సరే నా బుర్రలో ఒక డౌట్. లెక్క లేదు, అంతా కట్టేశారు, నువ్వు మచ్చ లేనివాడివి, పండగ చేస్కో అంటే మరి మనిషి బాగుపడేదెప్పుడు? బయటి నుంచి చూసేవాడికి ఇది మరీ చవగ్గా అనిపిస్తుంది. బాధ లేకుండా వచ్చే సంతోషం యాడ్ ఫిల్మ్ సంతోషం కదా.

రాగమాలిక_61 · సోమవారం ఉదయం 6:10

ఈ అబ్బాయి చర్చి మనిషిని కాదంటాడు గానీ అసలు ప్రశ్న ఇతనే అడిగాడు. పశ్చాత్తాపం ఏదీ? దావీదు 51వ కీర్తనలో ముందు ఏడ్చాడు, తర్వాతే "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అన్నాడు. వరస ముఖ్యం.

గుంటూరు_కీబోర్డ్ · సోమవారం ఉదయం 9:45

డ్యూటీలో ఉన్నా, చిన్నగా రాస్తా. మాస్టారూ మీరు చెప్పిన వచనంలో "మరల" అనే మాట చూడండి. ఒకప్పుడు ఉండి, పోయి, మళ్ళీ కావాలని అడుగుతున్నాడు. బార్ట్‌కి పోయింది అదే. ఇంక బాధ లేదు అన్నారు కదా, ఈ ఆల్బమ్‌లో చివరి పాట 'డియర్ యంగర్ మీ' వినండి. చిన్నప్పటి తనకి తానే ఉత్తరం రాసుకుంటాడు. ఆ చిన్నోడు ఎవరి చేతుల్లో దెబ్బలు తిన్నాడో తెల్సినవాళ్ళకి ఆ పాట ఊరికే వినడం కుదరదు. గెంతే పాటలన్నీ అయ్యాక చివర్న అది పెట్టారు. నేనైతే మొదట్లో పెట్టేవాణ్ణి, ముందు ఏడిపించి తర్వాత నవ్వించే పద్ధతి మనది. వాళ్ళు తిరగేశారు, ముందు పండగ చేసి, ధైర్యం వచ్చాక పాత గది తలుపు తీశారు.

వాన_ఊరు_నర్సు · సోమవారం మధ్యాహ్నం 3:30

హాయ్ అందరికీ, ఉత్తర ఐర్లాండ్ నుంచి. మాది ఏలూరు, ఇక్కడ హాస్పిటల్లో చేస్తా. రెండ్ కలెక్టివ్ అనే బ్యాండ్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి?? వాళ్ళది ఇక్కడి బ్యాంగర్ ఊరే. వాళ్ళు కూడా అదే 2014లో, మార్చిలో 'ది ఆర్ట్ ఆఫ్ సెలబ్రేషన్' అని వేశారు, పేరే వేడుక చేసుకునే కళ అని, దాంట్లోదే 'మై లైట్‌హౌస్', మన పిల్లలు కూడా యాక్షన్ సాంగ్‌గా చేస్తారు. బ్యాంజో, మాండొలిన్, ఇంకా ఒక పొడుగు కర్రకి గలగలలాడే బిళ్ళలు తగిలించి నేలకేసి కొడతారు, చూస్తే మన ఊరి గజ్జెల కర్రలే గుర్తొస్తాయి. మెర్సీమీది రేడియో సంతోషం, వీళ్ళది నలుగురు చలిమంట చుట్టూ కూర్చుని పాడుకునే సంతోషం. ఇక్కడ ఆకాశం నెలల తరబడి బూడిద రంగులోనే ఉంటుంది, నైట్ డ్యూటీ చేసి బస్సులో వస్తుంటే ఆ పాటలే నన్ను ఇంటికి చేర్చేవి. ఈ నేల మీద ఎంత రక్తం పారిందో ఇక్కడివాళ్ళు చెప్తే తెలిసింది నాకు. అలాంటి చోట కూర్చుని వేడుక అనే మాట మీద ఒక ఆల్బమ్ చెయ్యడం ఊరికే కాదు. గలతీ పత్రికలో ఆత్మఫలం అంటే ప్రేమ తర్వాత రెండోది సంతోషమే, గంభీరంగా మొహం పెట్టడం ఆ లిస్టులో ఎక్కడా లేదు 🙂

మిక్స్_బాబు · సోమవారం సాయంత్రం 6:05

సిస్టర్ చివరి లైను మా పాస్టర్ గారికి ఫార్వర్డ్ చేశా. రిప్లై రాలేదు.

డబుల్_పెడల్ · సోమవారం రాత్రి 11:15

ఈ ఆల్బమ్‌లోదే 'ఫ్లాలెస్' పాటని తెలుగులో చెయ్యాలని చూసి వదిలేశాం పోయినేడు, మా ఫెలోషిప్‌లో లోపల పాడుకోడానికే. ఆ మాటకి తెలుగేంటి? 'మచ్చలేని' అంటే చంద్రుడు గుర్తొస్తాడు. 'నిష్కళంక' అంటే వార్తల్లో నాయకుణ్ణి పొగిడినట్టుంది. మాస్టారూ హెల్ప్ చెయ్యండి.

రాగమాలిక_61 · మంగళవారం ఉదయం 6:20

బైబిల్లోనే ఉంది నాయనా, ఎఫెసీ 1:4, "పరిశుద్ధులమును నిర్దోషులమునై". నిర్దోషి. కోర్టు మాట అది. ఎవరో ఆరోపణ చేశారు, విచారణ జరిగింది, కొట్టేశారు. మచ్చ లేదు అనడం కన్నా అది బలమైనది, మచ్చ ఉందో లేదో కాదు, తీర్పు ఏమిటి అన్నదే లెక్క. కాకపోతే 'నిర్దోషి' చివర మూసుకుపోతుంది, పైస్థాయిలో నిలబెట్టి పాడటానికి కుదరదు. 'నిర్దోషివే' అని చివర సాగదీసుకోండి. పాడి చూశాను, మా ఆవిడ వంటింట్లోంచి ఏమైందని వచ్చింది.

డబుల్_పెడల్ · మంగళవారం ఉదయం 8:00

మాస్టారూ 🙏🙏 ఇదిగో ఇది. 'నిర్దోషివే' అని సాగదీస్తే ట్యూన్‌లో కూర్చుంది.

గుంటూరు_కీబోర్డ్ · మంగళవారం రాత్రి 10:40

ఇంతసేపూ చెప్పాలా వద్దా అనుకున్నా, చెప్పేస్తా. మేము 'గ్రేటర్' నిజంగానే వాయించాం మా యూత్ మీటింగ్‌లో, రెండేళ్ళ కింద. సెటప్ ఏంటంటే నా యమహా ఇండియన్ కీబోర్డు, ఒక అకౌస్టిక్ గిటారు, ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) మీద ఒక ఇంటర్ కుర్రాడు. నెల రోజులు ప్రాక్టీస్. ప్యాడ్‌లో క్లాప్ సౌండ్ పెట్టుకుని, ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెడితే రెండుకీ నాలుగుకీ కొట్టాలి, అదే ఆ పాట ప్రాణం. స్టేజీ ఎక్కాం, మొదలెట్టాం, బ్రహ్మాండంగా వస్తోంది. అప్పుడు జనం చప్పట్లు అందుకున్నారు. మనవాళ్ళు ఎక్కడ కొడతారు? ఒకటి మీద. భజన అయినా కీర్తన అయినా సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడాల్సిందే, తరతరాల చేతులవి. మావాడు రెండు మీద కొడుతుంటే మూడొందల మంది ఒకటి మీద కొడుతున్నారు. వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశా, నాలుగు బార్లు వచ్చేసరికి పాట రెండు ముక్కలైంది, ముందు వరసలో పెద్దలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. ఏదో చర్చి కుర్రాళ్ళు ఇంగ్లీషు పాట పాడి పరువు తీసుకున్నారని రేపు ఊరంతా చెప్పుకుంటారు అనుకున్నా.

అప్పుడు ఆ కుర్రాడు ఏం చేశాడంటే, ఎవర్నీ అడక్కుండా క్లాప్ ప్యాడ్ వదిలేసి ఢోలక్ ప్యాడ్ మీదకి వెళ్ళిపోయాడు. ఒకటి మీద గట్టిగా వేశాడు, జనంతో కలిసిపోయాడు. పాట మారిపోయింది. అది మెర్సీమీ పాటలా లేదు, మన పాటలానూ లేదు, కానీ వెనక కూర్చున్న ఆంటీలు లేచి నిలబడ్డారు. వాళ్ళకి ఇంగ్లీషు ముక్క రాదు. ఓ ఓ అనే చోట మాత్రం మాకన్నా గట్టిగా పాడారు.

మీటింగ్ అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి పావుగంట క్లాసు పీకాడు, అది వేరే విషయం.

మిక్స్_బాబు · మంగళవారం రాత్రి 11:02

నేను పైన చెప్పిన ఖాళీ అంటే అదే బ్రో!! ఆ పాటలో దూరడానికి చోటుంది కాబట్టే ఆంటీలు వాళ్ళ తాళంతో సహా దూరారు. సందు లేకుండా అరేంజ్ చేసిన పాటైతే అక్కడే చచ్చిపోయేది. రికార్డింగ్ ఉందా?

ఊరికే_చదివేవాణ్ణి · మంగళవారం రాత్రి 11:30

మొత్తం ఆల్బమ్ విన్నా చివరికి. రాక్ కాదు, నా మాట మీదే ఉన్నా. చివరి పాట మాత్రం రెండుసార్లు విన్నా. మా నాన్న గురించి ఇక్కడ రాయను. దీని తర్వాత ఏం చేశారు వీళ్ళు? సంతోషం నిలబడిందా లేక మళ్ళీ ఏడుపేనా?

ప్లేనో_పిల్లోడు · బుధవారం ఉదయం 7:15

రెండూ బ్రదర్. 2017లో 'లైఫర్' వచ్చింది. దాంట్లో 'హ్యాపీ డ్యాన్స్' అని పేరు పెట్టి మరీ గెంతారు, 'గ్రేస్ గాట్ యూ' కూడా అదే ఊపు. కానీ అదే ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఎక్కువ నిలబడింది 'ఈవెన్ ఇఫ్'. బార్ట్ పెద్దబ్బాయికి చిన్నప్పట్నుంచీ షుగరు, టైప్ 1, రోజూ సూదులే. దేవుడు బాగు చెయ్యకపోయినా సరే అనే పాట అది, దానియేలు గ్రంథంలో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు అన్న మాటే. 2012 ఆల్బమ్‌లో కూడా బాధ ఉంది, ఇక్కడా ఉంది. నాకు తేడా తెలుస్తోంది గానీ మాటల్లో పెట్టలేకపోతున్నా. అప్పటి బాధలో మనిషి ఒక్కడే ఉన్నట్టుంటాడు, దీంట్లో ఇల్లంతా మేలుకుని పక్కన కూర్చున్నట్టుంటుంది. ఏమో.

మాస్టారూ, మా అమ్మకి మీ పోస్టులన్నీ చదివి వినిపించా. డప్పు మాట దగ్గర నవ్వింది. ఆవిడ కూడా చిన్నప్పుడు నరసరావుపేటలో క్యారల్స్‌కి వెళ్ళేదంట, నాకు ఇన్నేళ్ళలో చెప్పలేదు.

రాగమాలిక_61 · బుధవారం ఉదయం 7:50

అమ్మగారికి నా వందనములు చెప్పు బాబూ. గుంటూరు అబ్బాయీ, ఆ ఢోలక్ కుర్రాడు వేసింది ఆదితాళమా, ఏకతాళమా? రికార్డింగ్ దొరికితే పెట్టు.

గుంటూరు_కీబోర్డ్ · బుధవారం ఉదయం 8:30

తాళం పేరు వాడికే తెలీదు మాస్టారూ, చెయ్యి పోయినట్టు పోయాడు. వాట్సాప్‌లో ఒక ముక్క ఉంది, ఫ్యాన్ సౌండే ఎక్కువ వినపడుద్ది. సాయంత్రం పెడతా. మిక్స్ బాబూ, ఆ ఫ్యాన్ తీసెయ్యగలవా?

మిక్స్_బాబు · బుధవారం ఉదయం 8:41

పంపు చూద్దాం. ఆంటీల గొంతులు మాత్రం ముట్టుకోను.